మైనర్ కార్డ్ అంతా ఒక్క తీగ మీదే ఉంది

ఈసారి ఉత్తరం కాకినాడ నుంచి. రాసినావిడ పేరు వేయొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెప్తాను. వయసు 43, బ్యాంకులో ఉద్యోగం. కొడుకు ఇంటర్ చదివేటప్పుడు ముచ్చటపడితే గిటార్ కొన్నారు. వాడు నాలుగు రోజులు వాయించి పక్కన పెట్టి, ఇంజినీరింగ్‌కని హాస్టల్‌కి వెళ్లిపోయాడు. ఆ గిటార్ మూడేళ్లు బీరువా పక్కన సంచిలోనే ఉండిపోయింది. ఐదు నెలల కిందట ఒక ఆదివారం ఇల్లు సర్దుతూ దాన్ని బయటికి తీశారు, అప్పట్నుంచీ వదల్లేకపోతున్నానని రాశారు. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, వర్ణాల దాకా వచ్చి పదో తరగతి పరీక్షలప్పుడు ఆపేశారు, మళ్లీ పాట జోలికి వెళ్లింది లేదు.

ఆదివారం పూట ఊళ్లోనే ఒక క్లాసుకి వెళ్తున్నారు. అక్కడ ఇ, ఎ, డి మేజర్ కార్డులు (కార్డు అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు పట్టుకోవడం) నేర్పి, తర్వాత వాటి మైనర్లు చూపించారు. ఇ దగ్గర మేజర్‌కీ మైనర్‌కీ తేడా తెలుస్తోంది. ఎ దగ్గర అస్సలు తెలియడం లేదు. డి దగ్గర ఒకసారి తెలుస్తుంది, ఒకసారి తెలియదు. మాస్టారు వాయిస్తే మాత్రం మూడింట్లోనూ తెలుస్తుందట. ఒక రోజు కాలేజీ పిల్లలందరి ముందూ ఆయన ఈవిడ చేత ఎ మేజర్, ఎ మైనర్ వాయించి తేడా వినిపిస్తోందా అని అడిగారు. "రెండూ ఒకేలా ఉన్నాయి సార్" అన్నారు ఈవిడ. "మీకు చెవి లేదు మేడమ్, ఈ వయసులో కష్టం" అన్నారాయన. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాననీ, రెండు వారాలుగా క్లాసుకి వెళ్లలేదనీ, ఫీజు మాత్రం మార్చి దాకా ముందే కట్టేశాననీ రాశారు.

ఇంట్లో ఇంకో మాట. సాయంత్రం ఇ మైనర్ వాయిస్తుంటే అత్తగారు "దీపాలు పెట్టే వేళ ఆ ఏడుపు రాగం ఎందుకమ్మా" అంటున్నారు. దీనికి తోడు పది వారాల్లో అక్క కూతురి పెళ్లి. సంగీత్‌లో "నేను పాడతాను పిన్నీ, నువ్వు వాయించు" అని ఆ పిల్ల పట్టుబట్టింది. ఆ పాటకి కార్డులు డి, ఎ, బి మైనర్, జి. బి మైనర్ దగ్గర వేళ్లు నిలవడం లేదు. అసలు మైనర్ అంటే ఏంటి, నాకు నిజంగా చెవి లేదా, పిల్లకి రాదని చెప్పేయనా, క్లాసు మానేయనా అని అడిగారు.

ముందు చెవి సంగతి తేల్చుకుందామండీ, మిగతావన్నీ దాని దగ్గరే ఆగి ఉన్నాయి.

ఇ మైనర్‌లో తేడా తెలుస్తోంది, ఎ మైనర్‌లో తెలియడం లేదు అని మీరే రాశారు. చెవి లేనివాళ్లకి రెండిట్లోనూ తెలియకూడదు కదా. మాస్టారు వాయిస్తే తెలుస్తోంది, మీరు వాయిస్తే తెలియడం లేదు అని కూడా రాశారు. అంటే తేడా ఉన్నచోట మీకు వినిపిస్తోంది, లేనిచోట వినిపించడం లేదు. ఆ రోజు క్లాసులో మీ గిటార్ నుంచి వచ్చిన రెండు కార్డులూ నిజంగానే ఒకేలా ఉండి ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ చెవి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది వినాల్సిన వాళ్లు వినలేదు, అంతే.

ఎందుకు ఒకేలా ఉన్నాయో చెప్తాను, ఇది కాస్త ఓపిగ్గా గిటార్ చేతిలో పెట్టుకుని చదవండి. సన్నటి తీగ మొదటిది, లావుపాటిది ఆరోది అనుకుందాం. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప గీతల మధ్య గడి, లెక్క గిటార్ తల వైపు నుంచి. ఎ మేజర్‌లో ఐదో తీగ ఖాళీగా, నాలుగో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ రెండో ఫ్రెట్, మొదటి తీగ ఖాళీగా. ఎ మైనర్‌లో ఇవన్నీ ఇలాగే ఉంటాయి, ఒక్క రెండో తీగ మాత్రం రెండో ఫ్రెట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి దిగుతుంది. మిగతా నాలుగు తీగలూ మేజర్‌లో ఏం పలికాయో మైనర్‌లోనూ అదే పలుకుతాయి. ఇప్పుడు మీకు తెలిసిన భాషలోకి వద్దాం. ఎ ని షడ్జమం, అంటే స అనుకుంటే ఆ నాలుగు తీగల మీద ఉన్నది స, ప, స, ప. గాంధారం, అంటే గ, ఒక్క రెండో తీగ మీదే ఉంది. ఆ తీగ మోగకపోతే మీ చేతిలో మిగిలేది స, ప మాత్రమే, అంటే తంబూరా. తంబూరా మీద మోహనం పాడొచ్చు, శివరంజని పాడొచ్చు, అది ఎటూ మొగ్గదు. మీ ఎ మేజర్, ఎ మైనర్ రెండూ తంబూరాలా మోగుతుంటే తేడా ఎవరికి మాత్రం వినిపిస్తుంది? ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు గాంధారం లేకుండా స, ప మాత్రమే కావాలని వాయిస్తారు, దాన్నే పవర్ కార్డ్ అంటారు, అది మేజరూ కాదు మైనరూ కాదు.

నేర్చుకునే మొదట్లో వచ్చే ఈ మూడు మైనర్లలోనూ ఇదే కథ. ఇ మైనర్‌లో గాంధారం ఒక్క మూడో తీగ మీద ఉంటుంది, అదీ ఖాళీ తీగ, నొక్కే పని లేదు కాబట్టి మీకు అది బాగా మోగుతోంది. అత్తగారికి ఏడుపులా వినిపించిందంటే వంటింటి దాకా గాంధారం స్పష్టంగా చేరిందన్నమాట. డి మైనర్‌లో గాంధారం మొదటి తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంటుంది, డి మేజర్‌లో అదే తీగ రెండో ఫ్రెట్. అక్కడ రెండో తీగ మూడో ఫ్రెట్ మీద పెట్టిన ఉంగరం వేలు కొంచెం వాలినా మొదటి తీగకి తగులుతుంది, తగిలితే గాంధారం మూగబోతుంది. ఒకసారి తెలుస్తుంది ఒకసారి తెలియదు అన్నారు చూడండి, ఆ వేలు నిలబడ్డ రోజు తెలుస్తోంది, వాలిన రోజు తెలియడం లేదు. ఎ మైనర్‌లో మూడో తీగ మీద ఉన్న ఉంగరం వేలు రెండో తీగ మీదికి వాలుతూ ఉంటుంది. ఎ మేజర్‌లో మూడు వేళ్లూ ఒకే ఫ్రెట్‌లో ఇరుక్కోవాలి, ఆ ఇరుకులో రెండో తీగ సరిగా నొక్కుకోదు. మీ వేళ్లు నేను చూడలేదు కాబట్టి ఇదేనని ఒట్టేసి చెప్పలేను, కానీ చాలామంది కొత్తవాళ్ల చేతుల్లో చూసింది ఇదే.

రుజువు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఎ మైనర్ పట్టుకోండి, స్ట్రమ్ చేయకండి, అంటే తీగలన్నీ ఒకేసారి మీటకండి. ఐదో తీగ నుంచి ఒక్కొక్కటే మీటుతూ కిందికి రండి. రెండో తీగ దగ్గర "టక్" అని చచ్చిన శబ్దం వచ్చినా, జుయ్‌మని వణికినా దొంగ దొరికినట్టే. అప్పుడు వేలు బలంగా నొక్కడం కాదు చేయాల్సింది. వేలి చివరి కణుపు వంచి, గోరు దగ్గరి కొస మీద వేలిని నిలబెట్టండి, ఫ్రెట్ మధ్యలో కాకుండా ఇనుప గీతకి ఆనుకుని వెనకగా పెట్టండి, బొటనవేలు మెడ వెనక మధ్యకి జరపండి. ఎడమ చేతి గోళ్లు పూర్తిగా తీసేయాలి, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను, పెళ్లి కోసం గోళ్లు పెంచుకోవాలనుకుంటే కుడి చేతికి పెంచుకోండి. తీగ మోగాక ఎ మేజర్, ఎ మైనర్ మార్చి మార్చి వినండి. ఇంతకుముందు వినపడనిది వినపడుతుంది.

ఇప్పుడు మైనర్ అంటే ఏంటి అన్న ప్రశ్న. మీరు చిన్నప్పుడు నేర్చుకున్నది ఇక్కడ ఎంత పనికొస్తుందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఐదో తీగ ఒక్కటే తీసుకోండి. ఖాళీగా మీటితే స. మూడో ఫ్రెట్ సాధారణ గాంధారం. నాలుగో ఫ్రెట్ అంతర గాంధారం. ఏడో ఫ్రెట్ పంచమం. ఖాళీ, నాలుగు, ఏడు వాయిస్తే మేజర్. ఖాళీ, మూడు, ఏడు వాయిస్తే మైనర్. ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం కాబట్టి లెక్క సులువు. స నుంచి గాంధారానికి నాలుగు మెట్లయితే మేజర్, మూడు మెట్లయితే మైనర్. మైనర్ అంటే చిన్నది అని అర్థం, చిన్నది ఆ దూరమే. కార్డు చిన్నదీ కాదు, తక్కువదీ కాదు. అదే తీగ మీద ఖాళీ, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు వాయించి చూడండి, మోహనం వస్తుంది. నాలుగుని మూడు చేసి మళ్లీ వాయించండి, శివరంజని. ఆ రెండు రాగాలకీ మధ్య మారింది ఒక్క గాంధారమే. మోహనానికీ శివరంజనికీ తేడా తెలిసిన మనిషికి మేజర్‌కీ మైనర్‌కీ తేడా తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒక చిక్కు మాత్రం ఉంది, కర్ణాటక సంగీతం నుంచి వచ్చినవాళ్లకే ఎక్కువ ఎదురవుతుంది. మన గాంధారం చాలా రాగాల్లో గమకంతో ఊగుతుంది, గిటార్ ఫ్రెట్ మీద అది కదలకుండా నిలబడి ఉంటుంది. అందుకని మొదట్లో అది గాంధారంలాగే అనిపించదు, చప్పగా ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. మనకి కచేరీ మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా ఒకటే స, చెవి ఎప్పుడూ దాన్నే పట్టుకుని ఉంటుంది. కార్డుల పాటలో కార్డు మారినప్పుడల్లా ఆ కార్డుకి తన సొంత స ఉంటుంది. సి శ్రుతిలో ఉన్న పాటలో ఎ మైనర్ వచ్చిందనుకోండి, దాంట్లో ఉన్న స్వరాలు ఎ, సి, ఇ. మీ చెవి సి నే స గా పట్టుకుని ఉంటే అవి ధ, స, గ లాగా వినిపిస్తాయి, పైగా ఆ గ అంతర గాంధారం. మైనర్ ఎక్కడుందని వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ఎ ని స అనుకున్నప్పుడే అది స, సాధారణ గాంధారం, ప అవుతుంది. గ్రహభేదం గుర్తుందా, శంకరాభరణంలో ధైవతాన్ని స చేసుకుంటే నటభైరవి వస్తుంది. గిటార్ వాళ్లు సి కి ఎ మైనర్, జి కి ఇ మైనర్ జోడీ అంటారు, అది ఈ సంగతే. కాబట్టి పాట వింటూ మైనర్ గుర్తుపట్టలేకపోతున్నానని బాధపడకండి, కార్డు మారినప్పుడు అన్నిటికన్నా కింది స్థాయిలో మోగే లావు తీగ స్వరాన్ని ఒక్క క్షణం స అనుకుని దాని మీద గాంధారం నోటితో పాడి చూడండి. కొన్ని రోజులు పాడితే తర్వాత పాడక్కర్లేదు.

ఏడుపు రాగం సంగతికి వస్తే, అత్తగారి మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. పదిహేను నిమిషాలు ఒక్క ఇ మైనరే నెమ్మదిగా వాయిస్తే ఎవరికైనా దిగులుగానే ఉంటుంది. కానీ సాధారణ గాంధారం ఉన్నంత మాత్రాన ఏడుపు కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆనందభైరవిలో ప్రధానంగా వినిపించేది సాధారణ గాంధారమే కదా. కార్డు పక్కన ఏ కార్డు వచ్చింది, ఎంత వేగంగా వాయించారు అన్నదాన్ని బట్టి భావం మారిపోతుంది. జి, ఇ మైనర్, సి, డి అని ఒక్కోటి నాలుగు దెబ్బలు వాయించి చూడండి, అందులో ఇ మైనర్ దుఃఖంలా ఉండదు, పాట కాస్త నీడలోకి వెళ్లి మళ్లీ ఎండలోకి వచ్చినట్టుంటుంది. సాయంత్రం పూట ఇది వాయించి అత్తగారి ముఖం చూడండి. లేదా ఆ వేళ వదిలేసి పొద్దున్నే వాయించుకోండి, పెద్దావిడ మనసు కష్టపెట్టుకోకుండా ఉంటుంది, కాకపోతే బ్యాంకుకి వెళ్లే హడావిడిలో పావుగంటే దొరుకుతుంది. ఇంకో మార్గం, బ్రిడ్జి (గిటార్ పెట్టె మీద తీగలు బిగించి ఉండే చెక్క) దగ్గర తీగల కింద మెత్తటి గుడ్డ మడిచి పెడితే శబ్దం బాగా తగ్గుతుంది, కార్డులు మార్చే అలవాటుకి అది చాలు. అలా పెట్టినప్పుడు మైనర్ సరిగా వినపడదు కాబట్టి వినే సాధన మాత్రం గుడ్డ తీసే చేయాలి.

ఇక బి మైనర్, పెళ్లి. పిల్లకి రాదని చెప్పకండి, అంత అవసరం లేదు. చాలా దారులున్నాయి, ఒక్కోదానికీ ఒక లాభం, ఒక నష్టం.

పూర్తి బి మైనర్ అంటే చూపుడు వేలు రెండో ఫ్రెట్ మీద ఐదు తీగలకీ అడ్డంగా పడుకోవాలి, మిగతా మూడు వేళ్లూ ఎ మైనర్ ఆకారాన్నే రెండు ఫ్రెట్లు ముందుకి జరిపి పట్టుకోవాలి. అది కొత్త కార్డు కాదు, జరిగిన ఎ మైనరే. అందుకే ఎ మైనర్ శుభ్రంగా మోగనిదే దీని జోలికి వెళ్లడం దండగ. పది వారాల్లో వస్తుందా అంటే రావచ్చు, రోజూ పావుగంట చేస్తే చాలామందికి ఎంతో కొంత వస్తుంది. కానీ ఇంట్లో రావడం వేరు, అందరూ చూస్తుండగా పాట ఆగకుండా ఎ నుంచి అక్కడికి సమయానికి చేరుకోవడం వేరు. ఇది పెళ్లి తర్వాతి పనిగా పెట్టుకుంటే మీకు టెన్షన్ తగ్గుతుంది.

మధ్యే మార్గం కింది నాలుగు తీగలే వాయించడం. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్, మూడో తీగ నాలుగో ఫ్రెట్, రెండో తీగ మూడో ఫ్రెట్, మొదటి తీగ రెండో ఫ్రెట్. చూపుడు వేలు పడుకోబెట్టక్కర్లేదు, కానీ చిటికెన వేలు పని చేయాలి, పై రెండు లావు తీగలకీ పిక్ (మీటే బిళ్ల) తగలకూడదు. గాంధారం రెండో తీగ మీద ఉంటుంది, అది మోగితే ఇది అచ్చమైన బి మైనరే, బేస్ ఒక్కటే తక్కువ.

ఇంకా సులువైనది బి మైనర్ సెవెన్. ఐదో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, మొదటి తీగ రెండో ఫ్రెట్, నాలుగూ రెండూ ఖాళీ, ఆరోది వాయించకూడదు. మూడు వేళ్లు, మూడూ ఒకే ఫ్రెట్. ఇందులో గాంధారం ఖాళీగా ఉన్న నాలుగో తీగ, నొక్కే పనే లేదు, పక్క వేళ్లు తగలకుండా చూసుకుంటే చాలు. శబ్దం కొంచెం మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, బరువైన చోట అది సరిపోదనిపించవచ్చు, పెళ్లి పాటకి నాకైతే బాగానే ఉంటుంది.

కేపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టడం ఇంకో దారి, ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టి సి ఆకారాలు వాయిస్తే డి, ఎ, బి మైనర్, జి కాస్తా సి, జి, ఎ మైనర్, ఎఫ్ అవుతాయి. బి మైనర్ పోయింది కదా అని సంతోషించేలోపు ఎఫ్ వచ్చి కూర్చుంటుంది, అదీ చూపుడు వేలు అడ్డంగా పడుకోబెట్టాల్సిన బార్ కార్డే. ఎఫ్ బదులు ఎఫ్ మేజర్ సెవెన్ వాయించుకోవచ్చు, నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్, మొదటి తీగ ఖాళీ. అది కొంచెం విడ్డూరంగా, అయినా అందంగా పలుకుతుంది. సి, ఎ మైనర్ మధ్య మార్పు కూడా చాలా తేలిక, రెండిట్లోనూ చూపుడు వేలు, మధ్య వేలు కదలవు, ఉంగరం వేలు ఒక్కటే మూడో తీగ రెండో ఫ్రెట్ నుంచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్తుంది.

కేపో ఏడో ఫ్రెట్‌లో పెడితే జి ఆకారాలు వస్తాయి: జి, డి, ఇ మైనర్, సి. బార్ కార్డు ఒక్కటీ లేదు, మీకు బాగా మోగే ఇ మైనరే బి మైనర్ అయిపోతుంది. నష్టం ఏంటంటే అంత పైన ఫ్రెట్లు ఇరుకు, శబ్దం మాండొలిన్‌లా సన్నబడుతుంది, గుంపులో వినపడడానికి మైక్ కావాలి. దీనికి ఒక రాజీ ఉంది. అమ్మాయిని ఒకే ఒక్క స్వరం, అంటే రెండు ఫ్రెట్లు తగ్గించి పాడమనండి. అప్పుడు కేపో ఐదో ఫ్రెట్‌కి దిగుతుంది, ఆకారాలు అవే, శబ్దం కొంచెం నిండుగా ఉంటుంది. చాలామందికి ఒక స్వరం కిందికి పాడడం హాయిగానే ఉంటుంది, కాకపోతే అసలు శ్రుతిలో రికార్డు పెట్టుకుని సాధన చేస్తున్న పిల్ల అయితే విసుక్కోవచ్చు. ఈ వారమే ఫోన్ చేసి అడగండి, ఆఖరి వారంలో శ్రుతి మార్చమంటే పాడేవాళ్లకి కంగారు. నన్ను అడిగితే ఐదో ఫ్రెట్ కేపోకే నా ఓటు. కానీ తనకి డి శ్రుతే కావాలంటే బి మైనర్ సెవెన్ పట్టుకుని ధైర్యంగా కూర్చోండి.

క్లాసు సంగతి. పదిమంది ముందు ఆ మాట అనడం తప్పు, అందులో రెండో మాట లేదు. వేలు ఎక్కడ వాలుతోందో చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు, తొందరపడ్డారని మాత్రం చెప్పగలను. ఇప్పుడు మీరు మళ్లీ వెళ్లొచ్చు. వెళ్తే క్లాసుకి పది నిమిషాలు ముందు వెళ్లి, పిల్లలు లేనప్పుడు, "సార్, నా రెండో తీగ మోగడం లేదు, అందుకే ఒకేలా వచ్చాయి, వేలు ఎలా పెట్టాలో చూపించండి" అనండి. ఆయన చూపిస్తే ఫీజు దండగవదు, మీ మనసులో ముల్లు కూడా పోవచ్చు. మళ్లీ అదే మాట అంటే ఇక అక్కడ కూర్చోవడం వల్ల మీకు నేర్చుకోవాలన్న కోరికే చచ్చిపోతుంది, కట్టిన డబ్బు కోసం దాన్ని పోగొట్టుకోకండి. వేరే మాస్టారి దగ్గరికి మారడం రెండో దారి, ఒక్కరే కూర్చునే క్లాసు దొరికితే ఖర్చు ఎక్కువైనా పది వారాల పనికి అదే నయం, ముందు ఒక్క క్లాసు చూసి అప్పుడు కట్టండి. సొంతంగా ఇంట్లోనే నేర్చుకోవడం మూడోది. ఈ నాలుగు కార్డులకి అది కుదురుతుంది, కానీ మీ వేళ్లు మీకు పైనుంచే కనిపిస్తాయి, ఎక్కడ తగులుతున్నాయో కనపడదు. ఫోన్ ఎదురుగా పెట్టి వారానికోసారి వీడియో తీసుకుని చూసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది. ఈ మూడింట్లో ఏది మీకు సరిపడుతుందో మీకే తెలుసు, ఎందుకంటే ఆ గదిలోకి మళ్లీ అడుగుపెట్టాలంటే ఎలా ఉంటుందో అనుభవించేది మీరు.

వయసు గురించి ఒక్క మాట. వేలి కొసలు నొప్పి పుట్టడం మామూలే, కొన్ని వారాలకి చర్మం గట్టిపడుతుంది. మణికట్టు నొప్పి మామూలు కాదు. పగలంతా కీబోర్డు మీద పనిచేసి వచ్చి బార్ కార్డు గంటసేపు నొక్కితే మణికట్టు పట్టేస్తుంది, అది వస్తే ఆ రోజుకి ఆపేయండి, నాలుగైదు రోజులైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. రోజూ పావుగంట చొప్పున రెండుసార్లు వాయించడం ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే మేలు.

ఇంకొకటి, మీరు దాన్ని అడగలేదు కానీ నాకు మొదటి నుంచీ అనుమానంగా ఉంది. మూడేళ్లు సంచిలో ఉన్న గిటార్, అదీ సముద్రపు గాలి ఉండే కాకినాడలో. తీగలు మార్చారా? తీగ మీద వేలు జారిస్తే గరుకుగా తగిలి, వేలికి నలుపు అంటితే తుప్పు పట్టిందని అర్థం. తుప్పు తీగ ఎంత బాగా నొక్కినా సరిగా మోగదు, శ్రుతిలోనూ నిలవదు. గాంధారం కొంచెం శ్రుతి తప్పినా మేజర్, మైనర్ రెండూ అయోమయంగా వినిపిస్తాయి. ట్యూనర్ యాప్‌లో ఒక తీగని ఖాళీగా సరిచేసి, అదే తీగ పన్నెండో ఫ్రెట్ నొక్కి చూడండి, అదే స్వరం పై స్థాయిలో రావాలి. బాగా ఎక్కువ చూపిస్తుంటే మెడ వంగి ఉండొచ్చు, తీగలు మరీ ఎత్తుగా ఉండొచ్చు. గిటార్లు అమ్మే షాపులో చూపించి సెట్టింగ్ చేయించండి. తీగలు కొనేటప్పుడు ఎకూస్టిక్ గిటార్‌కి ఎక్స్‌ట్రా లైట్ అని అడగండి, సన్నతీగ 10 నంబర్‌ది. మామూలుగా వచ్చే 12 కంటే నొక్కడానికి చాలా తేలిక, శబ్దం కొంచెం తగ్గుతుంది. మీది నైలాన్ తీగల గిటార్ అయితే మాత్రం ఇవి వేయకండి, ఆ బిగువుకి బ్రిడ్జి ఊడొచ్చు, దానికి నైలాన్ సెట్ వేరే దొరుకుతుంది.

కొత్త తీగలు మొదటి కొన్ని రోజులు సాగుతాయి, శ్రుతి దిగిపోతూనే ఉంటుంది, వాయించే ముందు ప్రతిసారీ సరిచేసుకోండి. ఇప్పుడే మార్చేస్తే పెళ్లి నాటికి పాతబడతాయేమోనని సంగీత్ కోసం ఇంకో సెట్ వేద్దామనుకుంటే, కనీసం వారం ముందు వేయండి, ముందురోజు మాత్రం వద్దు.